చెరిగిన ఫైళ్లను మరల పొందుట

ఇటీవల మా తరగతి బాలుడొకడు మధ్యాహ్న విరామమున నాయొద్దకు వచ్చి కన్నీరు పెట్టుకొనెను. అతని తండ్రి ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టు షెడ్డు నడుపుచున్నాడు. పనివారి కూలి, సరకుల బాకీలు, రావలసిన మొత్తములు యావత్తును నెలకొక ఫైలుగా ఇంటి కంప్యూటరులో వ్రాసియుంచెను. ఆటలకు చోటు చాలలేదని బాలుడు కొన్ని ఫైళ్లను తుడిచివేయగా, వానితోపాటు లెక్కలును పోయెను. దెబ్బలకు వెఱచి మూడు దినము లెవరితోను చెప్పక, ఆ మూడు దినములును క్రొత్త యాటలను దింపుకొనుచునే యుండెను. తుదకు కొన్ని నెలల లెక్కలు మాత్రమే దొరికినవి. ఇట్టి నష్టము మఱియొక యింట కలుగకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఫైలును తుడిచినప్పుడు నిజముగా జరుగున దేమి? ఆటోనగరులోని విడిభాగముల దుకాణమును తలచుకొనుడు. ఏ సామాను ఏ యరలో నున్నదో తెలుపు రిజిస్టరొకటి యచ్చట నుండును. అందు ఒక పంక్తిని కొట్టివేసినంతమాత్రమున అరలోని సామాను మాయము కాదు. అయితే ఆ యర ఖాళీ యని తలచి గుమాస్తా పాతదానిని పారవేసి క్రొత్తది పెట్టినచో, ఇక నది దొరకదు. హార్డుడిస్కు సంగతియు నిట్టిదే. తుడిచిన ఫైలును చంపునది తుడుపు కాదు. దానిపై తరువాత వ్రాయబడు క్రొత్త ఫైలు. నేటి కంప్యూటర్ల యందు హఱచుగా నుండు ఎస్.ఎస్.డి. యైనచో, తుడిచిన చోటును తానే త్వరలో శుభ్రపఱచుకొనును గావున అందు ఆశ మఱింత స్వల్పము.

కావున మొదట చేయవలసినది ఆగుట. ఆ కంప్యూటరులో క్రొత్తగా దేనిని దింపుకొనరాదు, దాచరాదు.

పిమ్మట రీసైకిల్ బిన్ తెఱచి చూడవలయును. 1995లో వచ్చిన విండోస్ 95 నుండి ఈ చెత్తబుట్ట కలదు. అందున్న ఫైలుపై మౌసు కుడిమీటను నొక్కి 'రిస్టోర్' అనునది యెంచుకొన్నచో, అది తన పూర్వస్థానమునకు మరలును. షిఫ్టుతో కలిపి డిలీట్ మీటను నొక్కినను, పెన్‌డ్రైవునుండి తుడిచినను ఫైలు సాధారణముగా నిందు చేరదు. గూగుల్ డ్రైవులో తుడిచినది మాత్రము దాని చెత్తబుట్టలో 30 దినములు నిలిచియుండును.

బుట్టలోను లేనిచో, మైక్రోసాఫ్టువారు 2020లో వెలువరించిన విండోస్ ఫైల్ రికవరీ, ఉచితముగా లభించు ఫోటోరెక్ మొదలగు సాధనములు కలవు. దొరికిన ఫైళ్లను అదే డిస్కుపై గాక వేఱొకదానిపై దాచవలయును. లేనిచో వెదకుచున్నదానినే మనము చెఱిపినవార మగుదుము.

ఫైలు చెరుగక, అందలి విషయమే పొరపాటున మాఱినచో? అది యింకను తెఱచియున్నయెడల కంట్రోల్, జెడ్ మీటలను కలిపి నొక్కుచు వెనుకకు పోవచ్చును. దాచి మూసివేసినచో, విండోస్ 8తో 2012లో వచ్చిన ఫైల్ హిస్టరీ పాత ప్రతులను చూపును. కాని దానిని ముందుగనే ఆరంభించి, వేఱొక డ్రైవును తగిలించియుండవలయును.

అన్నిటికంటె మేలైనది మఱియొక ప్రతి. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థవారు 'టాయ్ స్టోరీ 2' అను చలనచిత్రమును తీయుచుండగా, పొరపాటున నిచ్చిన ఒక్క ఆజ్ఞచే దాని యధికభాగము తుడిచిపోయెను. ప్రతులు తీయు ఏర్పాటు సరిగా పనిచేయుట లేదని అప్పుడే బయటపడెను. పసిబిడ్డ కారణమున ఇంటినుండి పనిచేయుచుండిన గేలిన్ సుస్మన్ అను నామె యింటి కంప్యూటరులోని ప్రతియే చిత్రమును కాపాడెను. కావున ప్రతి తీయుట చాలదు. అప్పుడప్పుడు తెఱచి చూచుటయు వలయును. దానిని వేఱొక చోట నుంచుటయు ముఖ్యము. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి సింగ్‌నగర్ మొదలగు పేటలు మునిగినవి గదా! అట్టివేళ కంప్యూటరును, దాని ప్రక్క సొరుగులోని ప్రతియు నొక్కటిగనే మునుగును.

తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డ తప్పు చెప్పుకొన వచ్చినప్పుడు ముందు కంప్యూటరును ఆపించుడు, మందలింపు తరువాత. భయపడి దాచిన ప్రతి గంటయు దొరకవలసినదానిని దూరము చేయును. విద్యార్థులారా, మీరును ఆ గంటను పోనీయకుడు. ఆ బాలుడిప్పుడు ప్రతి శనివారమును తండ్రి లెక్కలకు తానే ప్రతి తీసి, పినతండ్రి యింట భద్రపఱచుచున్నాడు.