వరికుచ్చు దగ్గర పిచ్చుక

గోదావరి, కృష్ణా డెల్టాల పల్లెలలో కోతలు ముగిసిన పిమ్మట గింజ నిండిన వరికంకులను ఏరి, జడవలె అల్లి, కుచ్చులుగా కట్టి ఇంటి చూరుకును దేవాలయ మంటపమునకును వ్రేలాడదీయు ఆచారము చిరకాలమునుండి కలదు. పాశ్చాత్యులు పెరళ్లలో అమర్చుకొను గింజల గొట్టములకు మనవైపు దీటైనది ఈ కుచ్చే. పిచ్చుకలకు మేతను, వాటిని కెమెరాతో చిత్రింపగోరువానికి అవకాశమును ఒక్కచోటనే కల్పించు సాధనము ఇంతకంటె సులభమైనది నాకు కనబడలేదు.

పెరటి పక్షులను చిత్రించుటకు పిట్టను వెదకికొని పోనక్కరలేదు. అది వచ్చి వాలు తావును ముందుగా తీర్చిదిద్దుకొనుటయే ప్రధానమైన పని, చిత్రము యొక్క మంచిచెడ్డలు చాలవరకు పిట్ట రాకమునుపే నిర్ణయమగును. కుచ్చునకు మూరెడు దూరమున వేపకొమ్మయో రేగుకొమ్మయో ఎండినదానిని కట్టినచో, పిచ్చుక తిన్నగా గింజపై పడక, తరచుగా ముందు ఆ కొమ్మపై నిలిచి నలుదిక్కులు పరికించును. ఆ కొమ్మవెనుక గోడ దగ్గరగా ఉండరాదు. పది పదునైదు అడుగుల ఆవల అరటిచెట్లో గోరింట కంచెయో ఉన్నచో, లెన్సు ద్వారమును విశాలముగా తెరచినప్పుడు అవన్నియు మెత్తని పచ్చదనముగా కరిగిపోయి, పిట్ట ఒక్కటియే స్ఫుటముగా నిలుచును. ఉదయపు నీరెండ మన వీపువైపునుండి ప్రసరించినప్పుడు పక్షి కంటిలో ఒక వెలుగుచుక్క మెరయును. ఆ చుక్క లేని కన్ను నిర్జీవముగా తోచును గావున, ఫోకసు కంటిమీదనే నిలుపవలెను.

ఇంగ్లండులో కేర్టన్ సోదరులు నూరేండ్లకు పూర్వమే, బోలుగా చేసిన కృత్రిమ వృషభములో దాగి పక్షులను చిత్రించిరి. మనకు కిటికీ తెరయే చాలును. గదిలో దీపమార్పి, 300 లేక 400 మిల్లీమీటర్ల లెన్సుతో పది పన్నెండడుగుల దూరమున కదలక కూర్చుండవలెను.

అట్లు కూర్చున్నవానికి దొరకు దృశ్యములలో నాకు మిక్కిలి ప్రియమైనది పిచ్చుక గింజ ఒలుచుకొనుట. అది వడ్లగింజను ముక్కు అంచుల నడుమ నిలిపి, నాలుకతో దొర్లించుచు, పొట్టును విడదీసి ఇరువైపులకు రాల్చి, బియ్యపుగింజను మాత్రమే మ్రింగును. ఇదంతయు రెప్పపాటు పని. షట్టరు సెకనులో 250వ వంతు తెరచియున్నచో తల చెదరిపోవును, 1000వ వంతునకు కుదించినచో రాలుచున్న పొట్టుతోగూడ నిలుచును. ఒకే కొమ్మపై వేర్వేరు ఋతువులలో తీసిన చిత్రములను పక్కపక్కన పెట్టి చూచుటయందును గొప్ప ఆనందము కలదు. జోడుకట్టు కాలమున మగపిచ్చుక ముక్కు నల్లబడును. గొంతుమీది ఈకల లేతవన్నె అంచులు అరిగిపోవుటచే లోపలి నలుపు బయటపడి విస్తరించును.

వానకు తడిసి బూజుపట్టిన కుచ్చును వెంటనే తీసివేయవలెను. పిట్టలకై పెట్టిన నీటి మూకుడును ప్రతిదినము కడుగవలెను. గూటిలోని పసికూనలకు ముఖ్యాహారము గింజలు గాక పురుగులు. మనము గూటికెదురుగా కెమెరాతో నిలిచినచో, పురుగును నోట కరచుకొని వచ్చిన తల్లి దరిచేరజాలక వెనుదిరుగును. ఆ వేళ గూటి జోలికి పోవుట క్రూరము. రెక్కలు వచ్చినపిదప ఆ పిల్లలే తల్లిదండ్రుల వెంట కుచ్చువద్దకు వచ్చి, రెక్కలల్లాడించుచు నోరుతెరచి మేత అడుగును. ముక్కు మూలలందు ఇంకను పసుపువన్నె వదలని వానిని అప్పుడు తనివితీర చిత్రించుకొనవచ్చును.