పన్నెండు వోల్టులన్నీ ఒకటి కావు

పత్తికీ మిరపకూ మందు కొట్టే రోజులు మొదలయ్యాయంటే చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు వైపు బ్యాటరీ దుకాణాల్లో, మందు పంపులోని సీసపు డ్రై బ్యాటరీ తీసి లిథియం పెట్టించుకునేవాళ్ల దగ్గర ఒకటే మాట. "తీసేదీ పన్నెండు వోల్టులే, పెట్టేదీ పన్నెండు వోల్టులే. పాత ఛార్జర్ బాగానే ఉందిగా, కొత్తది దండగ అన్నా." రైతుకి కొన్ని వందలు మిగులుతాయి. దుకాణదారుకి బేరం తెగుతుంది. సీజన్ సగంలో అదే పంపు ఉబ్బిన ప్యాకుతో, వంకరపోయిన అడుగు పెట్టెతో మళ్లీ అదే బల్ల మీదికి వస్తుంది. అప్పుడు వినిపించేది వేరే పాట: "లిథియం అంతేనన్నా, చైనా సరుకు."

లిథియానికి మారాలనుకోవడంలో తప్పేమీ లేదు. 16 లీటర్ల పంపు అడుగున ఉండే 8 ఆంపియర్-అవర్ల డ్రై బ్యాటరీ ఒక్కటే రెండున్నర కిలోల దాకా తూగుతుంది. అంతే సామర్థ్యమున్న లిథియం ప్యాకు అందులో సగం కూడా ఉండదు. ఎకరానికి 200 లీటర్లు కొట్టాలంటే పన్నెండు, పదమూడు సార్లు ట్యాంకు వీపుకెత్తుకోవాలి. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడ్డ దగ్గర్నుంచి మందు కొట్టే రోజులూ పెరిగాయి. వీపు మీద కిలోన్నర తగ్గడమంటే ఏమిటో ఆ పని చేసే కూలీని అడిగితే చెబుతాడు. తప్పంతా మార్చే పద్ధతిలో ఉంది.

లెక్క చిన్నదే, వేసే ఓపిక ఎవరికీ లేదు. డ్రై బ్యాటరీ ఛార్జర్ 14.4 వోల్టుల దాకా ఎక్కుతుంది. నాసిరకానివి ఇంకా పైకి పోతాయి. చౌకగా దొరికే లిథియం ప్యాకులేమో చాలావరకు మూడు సెల్స్‌ను, లేదా మూడు గుత్తుల సెల్స్‌ను, ఒకదాని వెనక ఒకటి కలిపి చేసినవి. పైన స్టిక్కరు మీద 12 అని ఉన్నా దాని అసలు వోల్టేజి 11.1, నిండుగా ఉంటే 12.6. అంటే ఒక్కో సెల్‌కి 4.2 వోల్టులు మించకూడదు. ఇప్పుడు 14.4ను మూడుతో భాగించండి: 4.8. ఆ వోల్టేజి దగ్గర సెల్‌లోకి ఛార్జి ఎక్కడం ఎప్పుడో అయిపోయింది. లోపల లిథియం లోహంగా పేరుకుంటూ ఉంటుంది, ద్రావణం విడిపోయి వాయువవుతుంది. ప్యాకు ఉబ్బేది అందుకే. ఉబ్బడంతో ఆగితే అదృష్టం.

"లోపల బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) ఉందిగా, అదే ఆపేస్తుంది" అన్నది దీనికి తోక. ఉంటే ఆపుతుంది, నిజమే. కానీ అది ఆపదకని పెట్టిన బోర్డు. రోజూ రాత్రి ఛార్జింగ్‌ను దానితోనే ఆపించడమంటే ఘాట్ రోడ్డు దిగుతూ హ్యాండ్ బ్రేకు మీదే బండి నడపడం. చౌక బోర్డులు చాలావాటికి సెల్స్‌ను సమంగా ఉంచే పని రాదు. మూడింటిలో ఒకటి ముందే నిండి, మిగతా రెండు వెనకబడి, వారం వారం తేడా పెరుగుతూ పోతుంది. పైగా బోర్డులో కరెంటు ఆపే మాస్ఫెట్ చెడిపోయినప్పుడు చాలాసార్లు దారి మూసి చెడిపోదు, తెరిచి చెడిపోతుంది. కాపలాదారు చచ్చాడన్న సంగతి ఎవరికీ తెలియదు. పాత ల్యాప్‌టాప్‌ల సెల్స్ ఏరి, టేపు చుట్టి అమ్మే ప్యాకుల్లో కొన్నింటికి ఈ బోర్డు కూడా ఉండదు.

మరి పచ్చ లైటు? రైతు అంతగా నమ్మేది దాన్నే. ఛార్జర్ చూసేది కరెంటు ఎంత పోతోందనే. బీఎంఎస్ భయపడి దారి మూసేసినా కరెంటు ఆగుతుంది, పచ్చ లైటు వెలుగుతుంది. "ఫుల్ అయింది" అంటాం.

పాత ఛార్జరే చాలన్న మాట ఇన్నాళ్లు బతకడానికి ఒక కారణముంది. ఇనుము, ఫాస్ఫేట్‌తో చేసే ఎల్‌ఎఫ్‌పీ అనే రకం నాలుగు సెల్స్ ప్యాకు 12.8 వోల్టులది, నిండితే 14.6. ఆరోగ్యంగా ఉన్న పాత ఛార్జర్‌తో అది దాదాపుగా సరిపోతుంది. ఎవరో ఒక మేస్త్రి దగ్గర అది పనిచేసింది. ఆ ముచ్చట ఊళ్లన్నీ తిరిగి, మూడు సెల్స్ ప్యాకు కొన్నవాడి ఇంటికి చేరింది. ఎల్‌ఎఫ్‌పీ అయినా ఛార్జర్ దానిదే కొనాలని నేనంటాను. 14.4 ఇస్తుందని రాసి ఉన్న పాత ఛార్జర్ నిజంగా ఎంతిస్తుందో దానికే తెలియదు.

మిగతా అపోహలు త్వరగా తేల్చేద్దాం. కొత్త లిథియం ప్యాకుని మొదటిసారి పన్నెండు గంటలు ఛార్జింగ్ పెట్టనక్కర్లేదు. పూర్తిగా దిగాకే ఎక్కించాలనేది పాత నికెల్-కాడ్మియం కాలం మాట, లిథియానికి చేటు. గచ్చు మీద పెడితే ఛార్జి నేల తాగదు. ఎక్కువ ఆంపియర్-అవర్లుంటే మందు దూరం పడదు, ఎక్కువసేపు పడుతుందంతే. "మీటరు ఫుల్ చూపిస్తూనే పంపు ఆగిపోయింది, మోసం" అన్నదీ మోసం కాదు: ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజి చివరిదాకా దాదాపు ఒకేలా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది, పంపు మీది మీటరేమో డ్రై బ్యాటరీని చూసి గీసింది. రెంటచింతల ఎండకి లిథియం ఆగదంటారు; సీసం మాత్రం చల్లగా ఉంటుందా? వేడికి దాని ఆయుష్షూ తరుగుతుంది.

"లిథియం పేలుతుంది" అన్నదాన్ని మాత్రం నవ్వి వదిలేయలేను. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్లలో విద్యుత్ ద్విచక్ర వాహనాల బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాత కేంద్రం వాహన బ్యాటరీల ప్రమాణం ఏఐఎస్ 156ను బిగించి, ఆ ఏడాది డిసెంబరు నుంచి దశలవారీగా అమల్లోకి తెచ్చింది. అది బళ్లకే. మీ పంపు అడుగున ఉన్న ప్యాకుకి వర్తించదు. కాబట్టి భయం పూర్తిగా తప్పు కాదు, దాన్ని సరైన చోట పెట్టాలి: నికెల్, కోబాల్ట్ ఉండే ఎన్‌ఎంసీ రకం వేడెక్కితే లోపలే ఆక్సిజన్ విడుదలై మంటను పెంచుతుంది. ఎల్‌ఎఫ్‌పీ చాలా ఎక్కువ వేడికి గానీ ఆ పరిస్థితికి రాదు. రెండింటి మధ్య ధర తేడా ఉంటే, ఆ తేడా కట్టండి.

కొనేటప్పుడు అడగాల్సింది ఏ రకం, ఎన్ని సెల్స్, సెల్స్ మీద ఐఎస్ 16046 నంబరుతో బీఐఎస్ గుర్తు ఉందా అని. దుకాణదారు గొణిగితే మల్టీమీటరు పెట్టించండి. నిండా ఛార్జి చేసి గంట ఆగాక 12.6 చూపితే మూడు సెల్స్‌ది. 13.3కి అటూ ఇటూ ఉంటే నాలుగు సెల్స్ ఎల్‌ఎఫ్‌పీ. మీ ఇంట్లో ఉన్న ఛార్జర్‌ను ఏ బ్యాటరీకీ తగిలించకుండా కొలిచినప్పుడు 12.6 కంటే ఎక్కువ చూపిందా, మూడు సెల్స్ ప్యాకు దగ్గరికి దాన్ని రానివ్వకండి. ప్యాకు తీగకి పది ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. ట్యాంకు అడుగున మందునీళ్లు కారి బ్యాటరీ పెట్టెలోకి దిగడం ఈ పంపులకి పుట్టుకతో వచ్చిన జబ్బు. పెట్టె మూతకి రబ్బరు వాషరు మార్చడానికి పట్టేది పది నిమిషాలు.

పొలం నుంచి రాగానే వేడి మీద ఛార్జింగ్ పెట్టకండి, నీడన చల్లారనివ్వండి. పడుకునే గదిలో, పత్తి బస్తాల పక్కన, రాత్రంతా అసలే వద్దు. సీజన్ అయ్యాక ఫుల్ ఛార్జి చేసి దాచే అలవాటు డ్రై బ్యాటరీకి మంచిది. లిథియాన్ని సగం ఛార్జితో, రేకుల కప్పుకి దూరంగా, ఇంట్లో కింద ఉంచాలి. మే నెల అటక మీద నిండు ఛార్జితో ఉన్న ప్యాకు జూలైకి ముసలిదై దిగుతుంది.

ఇంటి ఇన్వర్టర్‌కి లిథియం పెట్టిస్తున్నవారికీ ఇదే లెక్క. ట్యూబులర్ (సీసపు) బ్యాటరీ కోసం చేసిన పాత ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగు లేకపోతే బ్యాటరీ ఒక్కటే మార్చకండి.

చివరిగా, పాత డ్రై బ్యాటరీకి తూకం మీద డబ్బులొస్తాయి, పాడైన లిథియానికి దుకాణంలో ఎవరూ ఏమీ ఇవ్వరు. అందుకని దిబ్బలో పడేస్తున్నారు, పాత సామాన్లవాడు దాన్ని సుత్తితో పగలగొడుతున్నాడు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారుదే. కొనేరోజే అడిగి, పాతది వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి.