పడవ మీద బ్యాటరీ, వైర్లు



దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి చివరకు ఎక్కడికి చేరుతుందో తెలుసునా? మచిలీపట్నానికి. ఆ మధ్య ఒక పెద్దాయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక వైరు చుట్ట కొనుక్కొని, ఊరికి పోయే బస్సు కోసం ఎల్.బి. నగర్‌లో నిలబడి ఉన్నాడు. ఆయనకు చిన్న ఫైబర్ పడవ ఉంది. మాటల్లో నన్నడిగాడు: “అయ్యా, వైర్‌లెస్ సెట్టులో అవతలివాళ్ల మాటలు బాగానే వినపడతన్నాయండి. మనం బొత్తాం నొక్కి మాట్లాడబోతే ఆరిపోతంది. సెట్టు పోయిందంటారా?”

సెట్టు పోలేదు. దోషం చాలావరకు వైరులోనే ఉంటుంది. ఎట్లాగో చెబుతాను.

కాలువ సన్నగా, పొడుగ్గా ఉంటే చివరి మడికి నీరు అందదు గదా! కరెంటు సంగతీ అంతే. వినేటప్పుడు సెట్టుకు కావలసింది ఒక ఆంపియరు లోపే. 25 వాట్ల సెట్టులో మాట్లాడేటప్పుడు మాత్రం 5, 6 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి సెట్టు 5 మీటర్ల దూరముంటే, పోనురాను వైరు 10 మీటర్లు. అది 1 చదరపు మిల్లీమీటరు వైరయితే దారిలోనే సుమారు 1 వోల్టు పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్లదయితే పోయేది పావు వోల్టుకు కొంచెం ఎక్కువ. ఇంట్లో 230 వోల్టులలో 1 వోల్టు పోయినా తెలియదు. 12 వోల్టులలో పోతే సెట్టు మొరాయిస్తుంది.

రెండో శత్రువు ఉప్పునీరు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులోకి తేమ దూరి, రాగి మీద పచ్చని చిలుము పడుతుంది. పైకి వైరు బాగానే ఉంటుంది, లోపల దారి మూసుకుపోతుంది. కనుక ఈ జాగ్రత్తలు పాటించండి:

ఒకటి. ఒంటి తీగ వైరు పడవ అదురుకు విరుగుతుంది. సన్న తీగలు అనేకం కలిపి, తగరపు పూత పూసినది కొనండి.

రెండు. ప్లస్ వైరుకు బ్యాటరీ నుంచి జానెడు లోపలే ఫ్యూజు పెట్టండి. సెట్టు పుస్తకంలో చెప్పిన ఆంపియర్లదే వేయాలి. ఫ్యూజు పోయిందని రాగితీగ చుట్టారా, వైరు అంటుకుంటుంది. నడిసముద్రంలో మంట పుడితే ఎక్కడికి పోతాం?

మూడు. అతుకులు తగ్గించండి. తప్పనిచోట లగ్గు నొక్కి బిగించి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి.

నాలుగు. సెట్టులోకి పోయేముందు వైరును కిందికి వంచి పైకి తీసుకోండి. నీటిబొట్టు వంపులో జారిపోతుంది, సెట్టులోకి పోదు.

ఐదు. బ్యాటరీని కదలకుండా పెట్టెలో కట్టండి. పెట్టెకు గాలి ఆడాలి. ఛార్జి అయ్యేటప్పుడు వచ్చే వాయువు నిప్పురవ్వకు పేలుతుంది.

గ్రామాలలో పనిచేసే కార్యకర్తలకు ఒక మాట. మీటరుతో బ్యాటరీ వద్ద కొలిచి ఊరుకోవద్దు. బొత్తాం నొక్కి ఉంచి, బ్యాటరీ దగ్గర ఒకసారి, సెట్టు దగ్గర ఒకసారి కొలవండి. తేడా మూడో వంతు వోల్టు దాటితే వైరు మార్చించండి. ఈ పరీక్ష 16వ ఛానెల్‌లో చేయరాదు. అది ఆపదలో పిలుపుకు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఆ తీరం మరువలేదు. నేడు సముద్రపు హెచ్చరికలు పంపే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. హెచ్చరిక వినడం ఒక ఎత్తు, ఆపదలో మన కేక పక్క పడవకు వినిపించడం ఒక ఎత్తు. వినేందుకు సన్న వైరు సరిపోవచ్చు, కేక వేసేందుకు చాలదు.

ఆ పెద్దాయన చేతిలోని వైరు చుట్టను దుకాణంలో తిరిగిచ్చి, లావుది తీసుకుని తరువాతి బస్సెక్కాడు. మీరు కూడా వేటకు పోయే ముందు ఒక్కసారి బొత్తాం నొక్కి చూసుకోండి.