సంఘ పత్రముల రవాణా: భద్రత

సంఘ కార్యాలయమునుండి బ్యాంకునకు గాని, లెక్కల తనిఖీదారులకు గాని రైతుల ఋణపత్రములు నేడు కంప్యూటరు మూలమున క్షణములో పోవుచున్నవి. పోవుట సులభమే, దారిలో నెవ్వరు చూచుచున్నారనునదే ప్రశ్న.

ఇట్టి రవాణాకు ఎఫ్.టి.పి. అను పద్ధతిని 1971లో వ్రాసినవాడు మన దేశమున జన్మించిన అభయ్ భూషణ్. అప్పటి కంప్యూటర్లు కొలదియే గనుక భయము తోచలేదు. ప్రవేశమునకు చెప్పవలసిన రహస్యపదము సైతము పోస్టుకార్డుమీది వ్రాతవలె బయలుగనే పోవుచుండెను. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయమున నెవరో యిట్టి రహస్యపదములను పొంచి గ్రహింపగా, అచటి టాటు ఇలోనెన్ ఎస్.ఎస్.హెచ్. అను పద్ధతిని కల్పించెను. అందు సమస్తమును గూఢలిపిగా మారి పోవును. దానిపై నడచునదే ఎస్.ఎఫ్.టి.పి. ఒక్క యక్షరమునకే యింత భేదము!

అయినను దారి భద్రమైనంత మాత్రమున గిడ్డంగి భద్రము కాదు. 2023 మే నెలలో అమెరికాలోని ప్రోగ్రెస్ కంపెనీవారి మూవ్‌ఇట్ అను పత్రరవాణా సాధనమందలి లోపమును క్లాప్ అను దొంగలముఠా కనిపెట్టి, వేలకొలది సంస్థల పత్రములకు ముప్పు తెచ్చెను. ఇంగ్లండులో జీతపుపట్టీలు వ్రాయు జెల్లిస్ సంస్థ మూలమున బి.బి.సి., బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల వివరములు పోయెను. ఆ సాధనమును ఎంచుకొన్నది వారు కారు. పోయినవి మాత్రము వారివి.

పని ముగిసిన పత్రములు అచటనే నిలువయుండిన నష్టము పెరుగును. కావున కార్యదర్శులు, పత్రము చేరెనని తెలియగానే దానిని తీసివేయవలెను. బయటివారి ప్రవేశమునకు గడువు పెట్టవలెను. రహస్యపదమును వేరుగా టెలిఫోనులో చెప్పవలెను. తమ కాగితములెచ్చటికి పోయినవో సర్వసభ్య సమావేశమున నడుగుటకు సభ్యులును సంకోచింపరాదు.