పూచీ ఎవరుంటారు?

కొత్తవలస జంక్షన్ దాటాక పట్టాలు చీలిపోతాయి. ఒక దారి విజయనగరం మీదుగా హౌరాకు పోతే, రెండోది శృంగవరపుకోట, బొర్రా, అరకు మీదుగా కొండెక్కి కిరండూల్ చేరుతుంది. విశాఖ అడవివరం సెంట్రల్ జైలు నుంచి బయటపడిన మన్యం మనిషి ఇంటికి పోయే దారుల్లో ఇదొకటి.

అతని మీద ఉన్నది చాలాసార్లు గంజాయి కేసే. ఈ కేసుల్లో మూట మోసినవాడు దొరికినంత సులువుగా మూట సొంతదారు దొరకడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు, లక్ష జరిమానా. బెయిలు రావాలంటే ఇతను నేరం చేయలేదని నమ్మే కారణాలున్నాయని ముందు కోర్టుకు అనిపించాలి. అదంతా గట్టెక్కి బెయిలు వచ్చినా, ఆస్తి చూపించగల జామీనుదార్లు కావాలి. గూడెంలో వాళ్లకుండే అటవీ హక్కుల పట్టా వారసత్వంగా వస్తుందే తప్ప అమ్ముడుపోదు. దాన్ని చూపించి పూచీ ఎవరుంటారు?

1978లో సుప్రీంకోర్టు ముందుకు మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసు వచ్చింది. అతనికి పదివేల జామీను అడిగారు. సోదరుడు ముందుకొస్తే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ షరతును తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. ఒడిశా నుంచి వచ్చి ఇక్కడ కేసులో ఇరుక్కున్నవాడికి ఆ తీర్పు నేటికీ అవసరమే.

పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం ఒక పథకం పెట్టింది. అప్పట్లో విచారణ ఖైదీ జామీనుకు 40 వేల వరకు, శిక్షపడినవాడి జరిమానాకు 25 వేల వరకు సాయం చేస్తామన్నారు. అయితే మాదకద్రవ్యాల కేసుల్లో విచారణలో ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. మన కొండల మీద ఎక్కువగా ఉన్నది ఆ కేసులే మరి!

బయటికొచ్చినా వాయిదాలుంటాయి. కోర్టు విశాఖలోనో విజయనగరంలోనో ఉంటుంది. అరకు పైనున్న గూడెం నుంచి వచ్చి వెళ్లాలంటే చార్జీలు, ఆనాటి కూలి రెండూ పోయినట్టే. డబ్బుల్లేక ఒక వాయిదా తప్పితే వారెంటు వస్తుంది, మళ్లీ జైలే. జైళ్లలో చేతిపనులు నేర్పుతున్నారు, జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో ఖైదీలకు పని ఇస్తున్నారు. మంచిదే. కానీ వాయిదా రోజున సెలవిచ్చే యజమాని దొరకనివాడికి బయట ఏ పనైనా ఎన్నాళ్లు నిలుస్తుంది?

పూచీ ఉండటమంటే ఏమిటో బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో చూశాం. 1911 నాటి నేరస్త తెగల చట్టం ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టింది. చట్టం 1952 నాటికి పూర్తిగా పోయినా పేరు పోలేదు. 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడికి వెళ్లి ఆ మనుషుల తరఫున పోలీసులతో, ప్రభుత్వంతో మాట్లాడారు. కవి జాషువా కూతురు హేమలత, నాస్తికవాది గోరా కొడుకు లవణం దొంగలని ముద్రపడినవాళ్ల గుమ్మంలో కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

అలాంటి పూచీ ఇక్కడా ఉండొచ్చు. కొత్తవలసలో ఇటుక బట్టీలున్నాయి, చిన్న హోటళ్లున్నాయి. కేసు ఉన్నవాడిని చేర్చుకుని వాయిదాకు పంపించే యజమానులు పదిమంది ముందుకొస్తే చాలు, ప్రభుత్వం కోసం ఆగక్కర్లేదు. వకీలుకు ఇచ్చుకోలేని కుటుంబం ఎదురుపడితే ఒక మాట చెప్పండి: 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఖైదీలకు, గిరిజనులకు ఉచితంగా వకీలును పెడతారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.