అందినదను మాట

ఉత్తరము పంపినవాడు అది చేరినట్లు రసీదు కోరుట మనకు చిరపరిచితమైన ఆచారము. రసీదు వచ్చువఱకు అతనికి నిశ్చింత లేదు. అది వచ్చుటకు దినములు పట్టును. అనగా నిశ్చయము కావలెనన్నచో కాలమును వెచ్చింపవలెను. తీగ లేకుండ పోవు వార్తలకును ఈ ధర్మమే వర్తించును. అయితే అచట మఱియొక చిక్కు గలదు. వార్త పోయిన దారినే రసీదు తిరిగి రావలెను. వార్తను చెఱిపిన అవాంతరమే రసీదును కూడ చెఱుపవచ్చును.

ఖమ్మము, భద్రాచలము అడవుల అంచున నివసించువారికి ఇది వట్టి శాస్త్రచర్చ కాదు. భద్రాచలము కడ గోదావరి 43 అడుగులకు చేరినపుడు మొదటి హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని ప్రకటింతురు. 1986 ఆగస్టులో నది 75.6 అడుగుల వఱకు పెరిగినది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. అట్టి వరదలో పెద్దపాలు ఎగువనుండి ప్రాణహిత, ఇంద్రావతి మొదలగు నదులు తెచ్చు నీరే. కనుక పేరూరు వంటి ఎగువ స్థలములలో కేంద్ర జలసంఘమువారు కొలిచి పంపు అంకెలపై దిగువవారి జాగ్రత్త ఆధారపడియున్నది. ఆ అంకె తప్పుగా చేరిన అనర్థము. సరిగా చేరియు ఆలస్యమైన అదియు అనర్థమే.

వైర్లెస్ సెట్టుపై అంకెలు చెప్పువారికి ఒక పాత పద్ధతి కలదు. ఒకరు అంకె చెప్పుదురు. విన్నవారు దానిని తిరిగి చదువుదురు. మొదటివారు సరియని అందురు. ఇది మిక్కిలి బలమైన రసీదు. వార్త చేరినదని మాత్రమే కాక, చెడకుండ చేరినదనియు ఇది తెలుపును. కాని ఒక్కసారి చెప్పవలసిన అంకెకు మూడు మాటలు పట్టినవి. అదే తరంగముపై చెప్పవలసిన ఇతర కేంద్రములు అంతవఱకు వేచియుండవలెను. ఇక ఆ 'సరి' యను మాట చేరినదో లేదో ఎట్లు తెలియును? దానికిని రసీదు కోరినచో ఈ వరుసకు అంతము లేదు. కావున ఎచటనో ఒకచోట ఆగక తప్పదు. ఎచట ఆగవలెననుటయే అసలు ప్రశ్న.

రసీదును పూర్తిగా విడిచిపెట్టు పద్ధతియు ఉన్నది. నీటిమట్టమును, వర్షపాతమును తమంతట తాము కొలిచి ఇన్‌శాట్ ఉపగ్రహము ద్వారా పంపు యంత్రములు తొలుత ఈ పద్ధతినే అనుసరించినవి. వానికి చెప్పు నోరే కాని వినుటకు చెవి లేదు. అందువలన ఒకే వార్తను వేర్వేరు క్షణములలో పలుమారులు పంపెడివి. పదింట ఒకటి తప్పిపోవు దారిలో రెండు ప్రతులు పంపిన, రెండును పోవుట నూటికొకసారి. మూడు పంపిన, మూడును పోవుట వేయికొకసారి. అయితే ఒక ప్రతిని చెఱిపిన కారణము రెండవదాని వేళకు తొలగియున్నపుడే ఈ లెక్క నిలుచును. అందుచేతనే ప్రతులను వెంటవెంటనే పంపక, ఎడమిచ్చి పంపుదురు. ఆకాశవాణిలో మేము చేయునదియు ఇదే. శ్రోత విన్నట్లు మాకు రసీదు రాదు. అందుచేత వార్తల చివర ముఖ్యాంశములను మరల చదువుదుము.

ఇక సెల్‌ఫోను సంగతి. టవరు పదుల వాట్ల శక్తితో పలుకును. చేతిలోని ఫోను పలుకునది సాధారణముగ వాటులో అయిదవ వంతు మాత్రమే. గుట్టలను, వానకు తడిసిన ఆకులను దాటి టవరు మాట అడవి అంచునున్న ఊరికి చేరవచ్చును. ఫోను ఇచ్చు రసీదు మాత్రము నడుమ నశింపవచ్చును. అట్టి రసీదు బలహీనమైన దారినే నడచుచున్నది.

అందులో జరుగు పొరపాట్లు రెండు విధములు. 'అందినది' అను మాట 'అందలేదు' అని వినబడిన, అదే వార్తను మఱియొకసారి పంపుదురు, నష్టము స్వల్పము. 'అందలేదు' అను మాట 'అందినది' అని వినబడినచో పంపినవాడు దానిని మఱచి ముందుకు సాగును. ఆ లోటును పైస్థాయిలోని మఱియొక ఏర్పాటు కనుగొని సరిచేయవలెను. దానికి అనేక రెట్లు కాలము పట్టును. కావున రెండవ పొరపాటు జరుగకుండ హెచ్చు జాగ్రత్త వహింతురు. మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. ఇచట మౌనమును నిరాకరణముగనే గ్రహింపవలెను.

నాలుగవ తరపు ఫోనులలోని ఒక ప్రధాన పద్ధతిలో వార్తాఖండమునకు ఒక మిల్లీసెకను పట్టును. దానికి రసీదు నాలుగు మిల్లీసెకనులకు వచ్చును. చెడినచో ఎనిమిదింటికి మరల పంపుదురు. ఊరక వేచియుండిన ఎనిమిదింట ఏడుపాళ్ల కాలము వ్యర్థము. అందువలన ఎనిమిది వార్తాఖండములను ఏకకాలమున నడిపింతురు. దూరపు ఊళ్లలో రసీదు బలహీనమైనచో దానినే పలుమారులు పంపు వీలు కలదు. అయిదవ తరములో రెండు, నాలుగు, ఎనిమిది మారులు పంపవచ్చును. మారులు పెరిగినకొలది నమ్మకము పెరుగును. తప్పినదానిని తిరిగి పంపు ఘడియ దూరమగును. ఒక్క మిల్లీసెకనులో లక్షకు ఒకటి కంటె తప్పరాదని ఆ తరపు నిర్మాతలు కొన్ని పనులకు గమ్యము పెట్టుకొనిరి. అంతటి స్వల్పకాలములో అడిగి తెలిసికొను వ్యవధి దాదాపు ఉండదు; మొదటి మాటనే బలముగ పలుకవలెను.

ఇందుండి తేలు నీతి ఏమన, వార్తనుబట్టి రసీదు. గంటకొకసారి పోవు నీటిమట్టపు అంకెకు తిరిగి చదువు వ్యవధి కలదు. అచట కాలము వెచ్చించి నిశ్చయము కొనవలెను. ఫోనులో మాటలాడుచున్నపుడు ఒక అక్షరము పోయిన, ఆలస్యముగ తెచ్చి అతికించుటకంటె విడుచుటయే మేలు. ఊరు విడిచి పొండను హెచ్చరికకు రెండును కావలెను. కాని అది వేలమందికి ఒకేసారి పోవును. 2023లో దేశమంతట పరీక్షగ ఫోనులను మ్రోగించిన సెల్ ప్రసారపు హెచ్చరికకు రసీదు లేదు. వేలకొలది ఫోనులు ఒక్కసారి బదులు పలికిన ఆ దారియే మూసికొనిపోవును.

కావున హెచ్చరిక పంపితిమని అధికారులు తృప్తి చెందరాదు. ఫోను, రేడియో, దండోరా ఈ మూడును వేర్వేరు దారులు. ఒకదానిని చెఱిపిన వాన మఱియొకదానిని చెఱుపకపోవచ్చును. ఆ పిమ్మట ఒక మనిషి లోతట్టు వాడకు పోయి, తలుపులు తట్టి, కదలిరో లేదో చూచి రావలెను. యంత్రము తేలేని ఆ చివరి రసీదును అతడే తేగలడు. నీరు 43 అడుగుల కడ నున్నపుడే అతనిని పంపినచో, అతడు తిరిగివచ్చి చెప్పుటకును, ఆ చెప్పినదానిపై పనిచేయుటకును వ్యవధి మిగిలియుండును.