మిషన్ సౌండ్, సిగరెట్ పొగ: రెండూ కలిసి చెవి మీద పడితే

చాలామంది కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, షెడ్‌లో సౌండ్‌కి చెవులు పోతాయంటే అర్థమైంది. సిగరెట్‌కీ చెవికీ ఏం సంబంధం? పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి కదా!" అని. సంబంధం ఉంది, అదెలాగో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

ముందు చెవి సంగతి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఒక చిన్న భాగం ఉంటుంది, కాక్లియా అంటారు. అందులో హెయిర్ సెల్స్ అనే కణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. శబ్దాన్ని నరానికి అర్థమయ్యే సిగ్నల్‌గా మార్చేది ఇవే. చర్మం గీసుకుపోతే మళ్లీ వస్తుంది. ఇవి చచ్చిపోతే మాత్రం మళ్లీ రావు.

ఇప్పుడు సిరిసిల్లలో మరమగ్గాల షెడ్ ఒకటి అనుకోండి. మరమగ్గాల మధ్య శబ్దం మామూలుగానే 90 డెసిబెల్స్ దాటుతుంది. 8 గంటల షిఫ్ట్‌కి 85 దాటొద్దని అమెరికాలోని నియోష్ సంస్థ చెబుతుంది. మన ఫ్యాక్టరీల రూల్స్‌లో చాలాకాలంగా ఉన్న పరిమితి 90. నన్నడిగితే అది ఎక్కువే. ఎందుకంటే డెసిబెల్ లెక్క మనం అనుకునేలా ఉండదు. 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. అందుకే నియోష్ లెక్కలో 88 దగ్గర 4 గంటలే, 91 దగ్గర 2 గంటలే, 94 దగ్గర ఒక్క గంటే.

అంత శబ్దంలో హెయిర్ సెల్స్ ఆగకుండా పనిచేస్తాయి కాబట్టి వాటికి ఆక్సిజన్ బాగా కావాలి. కానీ లోపలి చెవికి రక్తం తెచ్చేది ఒక్క సన్నటి రక్తనాళమే. ఊరికి ఒకటే రోడ్డు ఉన్నట్టు. అది ఇరుకైతే వేరే దారి లేదు.

సిగరెట్ దెబ్బ కొట్టేది సరిగ్గా అక్కడే. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అయితే ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. అంటే రోడ్డూ ఇరుకైంది, వచ్చే లారీలో సరుకూ తగ్గింది. బీడీ తాగినా ఇదే కథ.

షిఫ్ట్ మధ్యలో బ్రేక్ అని బయటికొచ్చి ఒకటి వెలిగిస్తారు చూడండి, నాకు బాధనిపించేది అదే. సౌండ్ నుంచి బయటపడి చెవి కోలుకోవాల్సిన పది నిమిషాలవి. ఆ పది నిమిషాల్లోనే దాని ఆక్సిజన్ కోసేస్తున్నాం.

ఇది ఊహ కాదు. జపాన్‌లో 50 వేల మందికి పైగా ఉద్యోగులను 8 ఏళ్ల వరకు గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. పని చోట శబ్దాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా, పొగతాగే వాళ్లలో హై ఫ్రీక్వెన్సీ వినికిడి తగ్గే ప్రమాదం తాగనివాళ్ల కంటే 1.6 రెట్లు కనిపించింది. మంచి కబురు కూడా అందులోనే ఉంది: మానేసిన వాళ్లలో ఐదేళ్లలోపే ఆ ప్రమాదం తగ్గింది. పోయిన కణాలు తిరిగి రావు గానీ, మిగిలినవి మిగులుతాయి.

మొదట పోయేది సన్నటి శబ్దాలే. 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. అందుకే చెవుడు వచ్చినట్టు తెలీదు. స, శ, ఫ లాంటి అక్షరాలు జారిపోతాయి. "వినబడుతోంది గానీ ఏమన్నారో తెలియట్లేదు" అంటారు. ఫోన్ వాల్యూమ్ పెంచుతారు. షెడ్ సౌండ్ వినపడకుండా ఇయర్‌బడ్స్‌లో పాటలు పెట్టేవాళ్లూ ఉన్నారు. అది మంట మీద కిరోసిన్ పోయడమే బాబూ!

కొలిచే మిషన్ లేకపోయినా ఫర్వాలేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే, 85 దాటిందనే అనుకోండి. దూది పెట్టుకుంటే లాభం లేదు. ఫోమ్ ఇయర్‌ప్లగ్ తీసుకుని, వేళ్లతో సన్నగా చుట్టి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి పెట్టాలి. అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. సగం బయటికి కనిపిస్తుంటే సరిగా పెట్టనట్టే.

షిఫ్ట్ అయ్యాక చెవిలో గుయ్యిమంటుంటే, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికెళ్లి ఆడియోమెట్రీ టెస్ట్ చేయించుకోండి. నొప్పి ఉండదు, బీప్ వినబడితే బటన్ నొక్కడమే. కానీ ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం రేపు చూద్దాంలే అనుకోకండి, ఆ రోజే వెళ్లండి. ఆలస్యమయ్యేకొద్దీ మందులు పనిచేసే అవకాశం తగ్గిపోతుంది.